నోరు కట్టుకున్న సువార్తమ్మ

మదనపల్లెలో ఆ మిషను బడి చుట్టుపక్కల సువార్తమ్మ వంట ఎరగనివాళ్ళు ఉండొచ్చుగానీ, ఆమె కోపం ఎరగనివాళ్ళు లేరు. ఆడపిల్లల బోర్డింగులో ఆమె వంటమనిషి. పెద్ద అండాలో ఎసరు మరుగుతుంటే రాగిపిండి పోసి, రెండు చేతులా సంగటి కట్టె పట్టుకుని కెలికేది. కూరగాయలు తెచ్చేవాడు పుచ్చు వంకాయలు కలిపి తెస్తే వాటిని వాడి నెత్తినే కుమ్మరించేది. రాగుల్లో మట్టి కలిపిన షావుకారును బజారులో నిలబెట్టి కడిగేసింది. అందుకే ఆ బోర్డింగులో పిల్లలు కడుపునిండా తినేవాళ్ళు. "నా నోరు మెత్తగుంటే ఈ బిడ్డలకు మన్నే మిగిలేది" అని ఆమె గర్వంగా చెప్పుకునేది.

ఆ మాట అబద్ధం కాదు. బైరెడ్డిపల్లె పక్క పల్లెలో, సవతితల్లి చేతికింద, అరిచిన నోటికే ముద్ద దొరికే ఇంట్లో పెరిగింది ఆమె. అరవడం ఆమెకు ఆకలితో పాటు అబ్బిన విద్య. చిక్కల్లా ఏమిటంటే, షావుకారు మీద లేచే చేయి, కన్నకూతురి మీద లేచే చేయి ఒకటే. కోపమొస్తే ముందు చేయి లేచేది, తర్వాత నోరు లేచేది, ఆలోచన అన్నిటికంటే ఆఖర్న వచ్చేది.

భర్త జయరత్నం ఆ కాంపౌండులోనే తోటమాలి. మెత్తని మనిషి. పెళ్ళాం గొంతు లేస్తే రోజాచెట్ల వైపు నడిచేవాడు. వాళ్ళకు ఒక్కతే కూతురు, సంతోషమ్మ. పద్నాలుగేళ్ళది, పాటంటే ప్రాణం ఇచ్చేది.

యుద్ధం మొదలైన మరుసటేడు, ఒక మధ్యాహ్నం, సంగటి అండా దగ్గర కూతుర్ని పెట్టి సువార్తమ్మ రోటి దగ్గర ఊరుబిండి పచ్చడి నూరుతోంది. ఆ రోజు బోర్డింగు చూడ్డానికి పెద్ద దొరసాని వచ్చి ఉంది. మిషను గుడిలో పిల్లలు పాట నేర్చుకుంటున్నారు. సంతోషమ్మ కిటికీ దగ్గరికి పోయి, తానూ సన్నగా పాడుకుంటూ నిలబడిపోయింది. అండా అడుగంటింది. మాడు వాసన వరండాలో కూర్చున్న దొరసాని దాకా పోయింది.

సువార్తమ్మ పరుగెత్తుకొచ్చింది. అండాలోంచి కట్టె పెరికి కూతురి మీదికి విసిరింది.

కట్టె తగల్లేదు. కట్టె కొసన అంటుకున్న సంగటి ముద్ద తగిలింది. ఉడుకుతున్న సంగటి పడిన చోట అతుక్కుపోతుంది. లాగితే చర్మంతో సహా వస్తుంది. అది ఎడమకంటి మీద పడింది. ఆ పిల్ల వేసిన కేక విని గుడిలో పాట ఆగిపోయింది. తల్లే తన గోళ్ళతో ఆ ముద్దను గోకి తీసింది, "అయ్యో నా తల్లీ, అయ్యో నా తల్లీ" అంటూ.

ఆసుపత్రికి జట్కాలో పోతూ, కూతురి తల ఒడిలో పెట్టుకుని, ఆమె నెమ్మదిగా అంది: "జారి అండా మీద పడితినని సెప్పు."

డాక్టరమ్మ అడిగింది. సంతోషమ్మ అలాగే చెప్పింది. తల్లిని బయటికి పంపి మళ్ళీ అడిగింది. అప్పుడూ అదే చెప్పింది. కన్ను మాత్రం నిలవలేదు.

కట్టు విప్పేదాకా జయరత్నం పెళ్ళాంతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. విప్పిన రోజు, తెల్లగా పూడుకుపోయిన కూతురి కంటిని చూసి, మూట కట్టుకున్నాడు.

"యాడికి?" అని అడిగింది సువార్తమ్మ.

"పుంగనూరికి, మా సెల్లెలింటికి." గడప దగ్గర నిలబడ్డాడు. "సువార్తా, కరిసే కుక్కను గొలుసేసి కట్టొచ్చు. నీకు యాడ గొలుసెయ్యాలో నాకు తెలీలేదు."

కూతుర్ని వెంట తీసుకుపోలేదు. కన్నుపోయిన ఆడపిల్లను పెట్టుకుని చెల్లెలి వాకిట్లో నిలబడే ధైర్యం ఆయనకు లేదు. సంతోషమ్మ గోడకానుకుని, ఉన్న కంటితో తండ్రి పోయిన దారిని చూస్తూ కూర్చుంది.

సువార్తమ్మకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. వెళ్ళిపోయినవాడిని నాలుగు రోజులు తిట్టింది. ఐదో రోజున, కూతురికి తల దువ్వుదామని దువ్వెన కోసం చేయి ఎత్తితే, ఆ పిల్ల రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. సువార్తమ్మ దువ్వెన కింద పెట్టేసి బయటికి పోయింది.

ఆ ఆదివారం పాదిరి అయ్య దగ్గర మోకరించి, తన కోపానికి మందు చెప్పమంది. ఆయన మంచివాడు. "కోపమొచ్చినప్పుడు నోట్లో నీళ్ళు పోసుకో అమ్మా. కోపం దిగేదాకా మింగొద్దు, ఉమ్మొద్దు" అన్నాడు. సోమవారమే ఒక పిల్ల గిన్నె పగలగొట్టింది. సువార్తమ్మ పరుగున పోయి నోటినిండా నీళ్ళు పోసుకుంది. పోసుకుని, వచ్చి, ఆ నీళ్ళన్నీ ఆ పిల్ల మొహాన ఉమ్మి, పైన ఒక చెంపదెబ్బ కూడా కొట్టింది. బోర్డింగు పిల్లలు ఆ సంగతి చెప్పుకుని నెలరోజులు చాటుగా నవ్వుకున్నారు. సంతోషమ్మ మాత్రం నవ్వలేదు.

ఒంటికంటి పిల్లకు సంబంధం వస్తుందని ఎవరూ అనుకోలేదు. రెండేళ్ళ తర్వాత కుప్పం నుంచి ఒకటి వచ్చింది. తిమోతి అనే ఆయన రైలుపట్టాల మీద గ్యాంగు మేస్త్రీ. మొదటి భార్య పోయింది. వచ్చి సంతోషమ్మను నిలబెట్టి, సంతలో గొడ్డును చూసినట్టు చుట్టూ తిరిగి చూశాడు.

"కన్ను ఒకటైతే ఏమి, సంగటి కెలకను సేతులు రెండుండాయి గదా" అన్నాడు.

సువార్తమ్మ నాలుక చివరిదాకా మాట వచ్చింది. కానీ ఇది తప్పితే ఇంకోటి రాదని మింగింది. ఆమె జన్మలో మింగిన మొదటి మాట అదే. మింగకుండా ఉండాల్సిన మాట కూడా బహుశా అదేనేమో.

పెళ్ళయిన కొన్నాళ్ళకు కూతుర్ని చూడ్డానికి కుప్పం పోయింది. స్టేషను పక్కన రైల్వేవాళ్ళ వరస ఇళ్ళు. సంతోషమ్మ కడుపుతో ఉంది. జాకెట్టు చేతుల కింద నల్లగా కమిలిన గుర్తులు. సువార్తమ్మ వాటిని చూసింది. అల్లుడు పని నుంచి వచ్చేదాకా కాచుకుని, వాకిట్లోనే చీపురు తిరగేసి పట్టుకుంది. వరస ఇళ్ళవాళ్ళందరూ బయటికొచ్చారు. తెలుగులో తిట్టింది, పుట్టిన ఊరి గాలికి నేర్చిన అరవంలో తిట్టింది, వాడి అబ్బ తాతలను తవ్వి తిట్టింది. చీపురుతో భుజం మీద నాలుగు పెట్టింది. తిమోతి తల వంచుకుని కొంచెం నవ్వుతూ నిలబడ్డాడు. "పెద్దదానివి, కొట్టు అత్తా, నీకు లేని హక్కా" అన్నాడు.

గెలిచాననుకుని మదనపల్లెకు తిరిగొచ్చింది. బోర్డింగులో అందరికీ చెప్పుకుంది కూడా.

సంతోషమ్మ పక్కింటి ఈశ్వరమ్మ ఒక గ్యాంగుమన్ భార్య. ఆమె ఒక మనిషితో కబురంపితే, సువార్తమ్మ మళ్ళీ కుప్పం పోయింది. సంతోషమ్మ కుడిచేయి విరిగి, వెదురుబద్దలతో కట్టి ఉంది. ఈశ్వరమ్మ వాకిట్లోనే ఆపి చెప్పింది.

"నువ్వు పోయిన సాయంత్రమే తలుపేసినాడమ్మా. నువ్వు తిట్టిన తిట్లన్నీ ఒక్కోటి గురుతు సేసుకోని, ఇది మీయమ్మ అనిందా, ఇది అనిందా అని అడగతా కొట్నాడు. మేము తలుపు కొట్టినా తియ్యలేదు."

సువార్తమ్మ లోపలికి పోయి కూతురి పక్కన కూలబడింది. "లెయ్‌మే, పోదాం పద. నా వెంట వచ్చెయ్" అంది.

సంతోషమ్మ ఎడమచేత్తో పొయ్యి ఊదుతోంది. ఊదడం ఆపకుండానే జవాబు చెప్పింది.

"ఆడికొస్తే నీతో ఉండాల గదమా."

"ఉంటే ఏమి?"

"ఈయప్ప తాగితేనే కొడతాడు. తాగొచ్చేది యాపసెట్టు కాణ్ణించే తెలిసిపోతాది. నడక సూస్తే సాలు, ఈశ్వరమ్మ ఇంటికి పోవచ్చు. నువ్వు ఎప్పుడు కొడతావో నాకు ఎప్పుడూ తెలీలేదు. ముద్ద పెడతా పెడతా కొడతావు. తల దువ్వతా దువ్వతా కొడతావు." పొయ్యి అంటుకుంది. ఆమె ఊదుగొట్టం పక్కన పెట్టింది. "ఈడికి వస్తే నోరు మూసుకోని రా. లేదంటే రావద్దు. నువ్వు తిట్టేది ఆయన్ను, తగిలేది నాకు."

సువార్తమ్మ వంగి పొయ్యిలోకి ఇంకో పుల్ల తోసింది.

అప్పటి నుంచి ఆమె నోరు కట్టుకోవడం నేర్చుకుంది. కూతురు చెప్పిన మాటే ఆమెను తొలిచింది. ఎప్పుడు కొడతానో దానికి తెలీలేదు అంది. మరి నాకైనా తెలుసా? కోపం వచ్చేముందు ఒంట్లో ఏమవుతుందో వంటింట్లో గమనించడం మొదలుపెట్టింది. ముందు చెవులు వేడెక్కేవి. తర్వాత వేళ్ళు బిగుసుకునేవి. చెవికీ వేలికీ మధ్య కాసింత వ్యవధి ఉంది. ఇన్నేళ్ళూ అది ఉందని ఆమెకు తెలియదు. చెవులు వేడెక్కగానే చేతిలో ఏది ఉన్నా కింద పెట్టేసి, పెరట్లోకి పోయి బావిగోడ పట్టుకుని నిలబడేది. ఎండైనా వానైనా, చెవులు చల్లబడేదాకా లోపలికి వచ్చేది కాదు. ఎన్నోసార్లు తప్పింది. ఒకసారి ఒక పిల్ల జుట్టు పట్టుకుని, పట్టుకున్నాక వదిలేసి, ఆ పిల్ల కంటే గట్టిగా తానే ఏడ్చింది. ఏడాది తిరిగేసరికి చేయి లేవడం ఆగింది.

కోపం పోయిందని కాదు. పళ్ళదాకా వచ్చి ఆగేది, అంతే. దాన్ని మింగితే పొట్టలో మంటగా ఉండేది. మజ్జిగ తప్ప ఏదీ ఇమిడేది కాదు. మనిషి సగమైంది. షావుకార్లు ఈ సంగతి త్వరగానే కనిపెట్టారు. రాగుల్లో మళ్ళీ మట్టి కలిసింది, వంకాయల్లో మళ్ళీ పుచ్చులు వచ్చాయి. ఆమె మట్టి చెరిగి, పుచ్చులు ఏరి, ఉన్నదాంతో వండింది. పిల్లలు ఆమె వెనకాల "మూగమ్మ" అనుకుంటూ నవ్వేవాళ్ళు.

గుడిలో స్త్రీల కూటం జరిగినప్పుడు బోర్డింగు మేట్రనమ్మ ఆమెను లేపి, "ప్రభువు నిన్ను ఎట్ల మార్చినాడో సాక్ష్యం సెప్పు సువార్తమ్మా" అంది.

సువార్తమ్మ లేచి, పైట సర్దుకుంది. "నన్ను మార్చింది ప్రభువు కాదమ్మా. కుప్పంలో ఉండాడు ఒకడు. వాడు నా బిడ్డను కొట్టి కొట్టి మార్చినాడు" అని చెప్పి కూర్చుంది. కూటంలో ఎవరూ ఆమెన్ అనలేదు.

కుప్పంలో తిమోతి కూడా ఈ మార్పు కనిపెట్టాడు. అతనికి అది ఆటయింది. సంతోషమ్మకు ఆడపిల్ల పుట్టింది, సారా అని పేరు పెట్టారు. ఆ పిల్ల కోసం సువార్తమ్మ వీలైనప్పుడల్లా పోయేది. పోయినప్పుడల్లా అతను ఏదో ఒకటి చేసేవాడు. ఆమె వండిన కూర నోట్లో పెట్టి ఆమె కాళ్ళ దగ్గరే ఉమ్మేవాడు. స్నేహితులను పిలిచి, "రండప్పా, బిడ్డ కన్ను పీకిన తల్లి వచ్చిండాది, సూసి పోండి" అనేవాడు. బురద కాళ్ళు చాచి, "అత్తా, నీళ్ళు పొయ్యి" అనేవాడు. ఆమె పోసేది. చెవులు కాలిపోయేవి. పట్టుకోవడానికి అక్కడ బావిగోడ లేదు. కూతురు తలుపు సందులోంచి ఆమెనే చూస్తుండేది. భర్త ఏం చేస్తాడో అని కాదు, తల్లి ఏం చేస్తుందో అని.

నలభై ఐదులో, యుద్ధం ముగిసే రోజుల్లో, ఒక ఉదయం సువార్తమ్మ కుప్పంలో ఉండగానే తిమోతి ఒక ఆడమనిషిని ఇంటికి తెచ్చుకున్నాడు. బంగారుపేట వైపు మనిషి, పట్టాల పనికి వచ్చినది. కొత్త చీర కట్టించి నేరుగా మంచం మీద కూర్చోబెట్టాడు.

"అత్తా, ఈమెకు అన్నం వండి పెట్టు. నీ కూతురు వంట ఈమెకు సయించదు" అన్నాడు.

సంతోషమ్మ బిడ్డను చంకనేసుకుని మూలకు జరిగింది. వాకిట్లో ఈశ్వరమ్మ నోరు నొక్కుకుంది. ఇంక ఈ ముసలిది ఇల్లు తగలబెడుతుంది అనుకుంది. వరస ఇళ్ళవాళ్ళు మళ్ళీ బయటికొచ్చి నిలబడ్డారు.

సువార్తమ్మ పొయ్యి అంటించింది. రేషను బియ్యం కడిగి ఎసట్లో పోసింది. చింతకాయ పచ్చడి నూరింది. ఆకు వేసి ఆ మనిషికి వడ్డించి, పక్కన నిలబడింది. తిమోతి ఆమె మొహంలోకే చూస్తున్నాడు. ఒక్క మాట చాలు అతనికి. దాన్ని పట్టుకుని తల్లీ కూతురూ బిడ్డా ముగ్గురినీ ఏమైనా చేస్తాడు, కనీసం బిడ్డనైనా లాక్కుంటాడు. సువార్తమ్మకు అది తెలుసు. మారు వడ్డించింది. కొత్తమనిషే సిగ్గుతో తల పైకెత్తలేక, సగం ఆకు వదిలేసి లేచింది.

"అప్పా," అంది సువార్తమ్మ, చేతులు తుడుచుకుంటూ, "కొత్త కాపురం, ఇల్లు ఇరుకు. దీన్నీ బిడ్డనీ కొన్నాళ్ళు తోడుకోని పోతా. నువ్వు రమ్మన్నప్పుడు వస్తారు."

తిమోతి ఇంకా ఏదో వస్తుందని చూశాడు. ఏమీ రాలేదు. ఆట చప్పగా అయిపోయింది. "పొండి, శని వదలతాది" అని తిరిగి కూర్చున్నాడు.

వాళ్ళు ముగ్గురూ ఒక మూటతో బస్సెక్కారు. పెట్రోలు దొరకని కాలం, బొగ్గు పొయ్యి కట్టిన బస్సులు. పలమనేరులో మారాలి. ఎత్తు వస్తే బస్సు ఆగేది, అందరూ దిగి నడిచేవాళ్ళు. సువార్తమ్మ మనవరాలిని ఎత్తుకుంటానని చేతులు చాచింది. సంతోషమ్మ బిడ్డను ఇవ్వలేదు, "నేను మోస్తాలే" అంది. అయినా సువార్తమ్మ లోపల ఏదో తేలికైంది. అల్లుడి నోటి నుంచి కూతుర్ని ఊడబెరికి తెచ్చాను, ఒక్క మాట కూడా అనకుండా తెచ్చాను అనుకుంది. బోర్డింగు వెనక గదిలో వాళ్ళకు ఏ మూల పడక వేయాలో దారంతా ఆలోచించింది.

పుంగనూరులో బస్సు ఆగగానే సంతోషమ్మ మూట తీసుకుని లేచింది.

"యాడికి? ఇది మదనపల్లె కాదు."

"నాయన ఈణ్ణే ఉండాడు గదా. మాయత్త సచ్చిపోయినాక ఆ ఇల్లు ఆయనకే మిగిలిందంట. ఈశ్వరమ్మ సేత ముందే కబురు పెట్టినా. రమ్మన్నాడు."

"నాకు సెప్పలేదే."

"సెప్తే అరుస్తావని."

"నేను అరిసి ఎన్నేండ్లయింది మే?"

సంతోషమ్మ మెట్టు మీద ఆగింది. ఆమె గొంతులో కోపం లేదు. "అది నా తలకు తెలుసుమా. నా ఒంటికి తెలీదు" అని దిగిపోయింది. బస్సు కదిలింది. పక్కసీటు ముసలాయన కూతురా అని అడిగితే, సువార్తమ్మ అవునంది.

ఆ తర్వాత ఆమె పండగకో పబ్బానికో పుంగనూరు పోయేది. జయరత్నం మర్యాదగా కుర్చీ వేసేవాడు. ఆమె వరండాలోనే కూర్చునేది. ఒకసారి సంతోషమ్మ కంచుగిన్నెలో వేడి గంజి తెచ్చి తల్లి పక్కన పెట్టింది. సారా ఆడుకుంటూ వచ్చి దాన్ని తన్నింది. గంజి మొత్తం సువార్తమ్మ రెండు పాదాల మీద పడింది.

క్షణంలో జయరత్నం కుర్చీలోంచి లేచాడు. సంతోషమ్మ ఎగిరి బిడ్డను లాక్కుని, ఆ పిల్ల మొహాన్ని రెండు చేతులతో కప్పేసి, వీపు ఇటు తిప్పి గోడకు నక్కింది.

సువార్తమ్మ చెవులు వేడెక్కలేదు. పాదాలు మాత్రం బొబ్బలెక్కుతున్నాయి. "ఏం కాలేదు," అంది, "బిడ్డకు తగల్లేదు గదా." వంగి గిన్నె తీసి నిలబెట్టింది. వాళ్ళిద్దరూ అలాగే ఉన్నారు. ఆమె లేచి పెరట్లోకి పోయి కాళ్ళ మీద నీళ్ళు పోసుకుని, చాలాసేపటికి తిరిగొచ్చింది. అప్పటికీ కూతురు ఆ పిల్లను వదల్లేదు.

కొన్నాళ్ళకు సారాకు బడి ఈడు వచ్చింది. పుంగనూరు క్రైస్తవుల పిల్లలు చాలామంది మదనపల్లె బోర్డింగుకే వచ్చేవాళ్ళు. కొత్త పిల్లలు చేరే రోజుల్లో సువార్తమ్మ ఒక చిన్న కంచం తోమి, వేరే పెట్టుకుంది. పిల్లలందరూ వచ్చారు, సారా రాలేదు. మేట్రనమ్మ వంటింట్లోకి వచ్చి, నసుగుతూ చెప్పింది.

"నీ మనవరాలిని చిత్తూరు బోర్డింగులో సేర్చినారంట సువార్తమ్మా. అంత దూరం యాల పంపినారో, పక్కనే మనం ఉండంగా."

సువార్తమ్మ అండా కింద మంట తగ్గించింది. చెవుల దగ్గర వేడి వస్తుందేమోనని ఒక్క నిమిషం చూసుకుంది. రాలేదు.

"మంచిపనే సేసింది," అంది. "దాని తావులో నేనుండినా అట్లనే సేసిందును."